ఏడు విజయములు – తొమ్మిది నెలల మంత్రిత్వము

2024వ సంవత్సరము జూన్ 12వ తేదీ ఉదయమున మా యింటి వసారాలో ఇరుగుపొరుగు స్త్రీలము అయిదారుగురము కూడి, నూతన మంత్రివర్గము ప్రమాణస్వీకారము చేయుటను టెలివిజనులో చూచుచుంటిమి. మావారు బడిపంతులు. బడులింకను తెరువలేదు గావున వారును ఒక మూల కూర్చుండి పత్రిక చదువుకొనుచుండిరి. మాది రాజమహేంద్రవరము గ్రామీణ నియోజకవర్గము. ఒక్కొక్క పేరు పిలువబడుచుండగా అందరము చెవులు నిక్కించి వింటిమి. మా జిల్లాలోని నిడదవోలు నుండి గెలిచిన శ్రీ కందుల దుర్గేష్ గారి పేరు వినబడినది. మేము వినగోరిన పేరు మాత్రము కడవరకు వినబడలేదు.

"ఏమండీ వదినగారూ, మన బుచ్చయ్యచౌదరిగారు ఏడోసారి గెలిచారు కదా! ఆయన పేరు లేదేమిటండీ? మంత్రి కాని మనిషికి ఓటేసి మనకేం లాభం?" అని ప్రక్కయింటి సోదరి నన్నడిగినది.

నేను చదువుకొన్నదాననని ఆమెకు నమ్మకము. నా చదువు మా తాతగారు ఇంటి అరుగుమీద చెప్పిన భారత రామాయణములే గాని వేఱు కాదు. ఆ ప్రశ్నకు అప్పటికి నాకు సమాధానము తోచలేదు. "చూతాం లెండి" అని ఊరకుంటిని. కాని ఆ మాట నన్ను విడువలేదు. మన ఓటు మంత్రిని చేయుటకా? మంత్రి కానివాడు సభలో కూర్చుండి చేయుపని యేమున్నది? ఈ సంగతి తెలిసికొనవలెనని శ్రీ గోరంట్ల బుచ్చయ్యచౌదరిగారి రాజకీయ జీవితమును మొదటినుండి కూడబలుకుకొని చూచితిని. నాకు దొరకిన సమాధానమును సోదరీమణుల ముందుంచుచున్నాను. ఏ పక్షమునకును ప్రచారము చేయుట నా యుద్దేశము కాదు. నా ఓటు ఎవరికి వేసితినో మావారికే చెప్పలేదు; ఇందును చెప్పబోను.

శ్రీ నందమూరి తారకరామారావుగారు 1982 మార్చి 29వ తేదీన తెలుగుదేశము పార్టీని స్థాపించిరి. పట్టుమని పది నెలలైనను గడువకముందే, 1983 జనవరిలో, రాష్ట్రమున ఎన్నికలు జరిగినవి. అంతవరకు శాసనసభ గడప త్రొక్కనివారెందరో ఆ యెన్నికలలో గెలిచిరి. రాజమండ్రి నుండి గెలిచిన బుచ్చయ్యచౌదరిగారును వారిలో ఒకరు. నాటినుండి నేటివరకు ఆయన పదిమారులు ప్రజల ముందు నిలిచిరి. 1983, 1985, 1994, 1999 సంవత్సరములలో రాజమండ్రి నుండి, 2014, 2019, 2024 సంవత్సరములలో రాజమండ్రి గ్రామీణము నుండి గెలిచిరి. 1989, 2004, 2009 సంవత్సరములలో ఓడిపోయిరి. ఏడు గెలుపులు, మూడు ఓటములు. ఈ నలువది సంవత్సరములకు మించిన కాలములో ఆయన మంత్రిగా నున్నది 1994 డిసెంబరునుండి 1995 ఆగస్టువరకు నడచిన ప్రభుత్వములో మాత్రమే. అనగా తొమ్మిది నెలలైనను నిండలేదు.

ఈ లెక్క చూచినప్పుడు నేను మొదట విస్తుపోయితిని. పిమ్మట నాకు వేఱొక సందేహము కలిగినది. తక్కిన కాలమంతయు ఆయన సభలో చేసినదేమి? సభ్యుడైనవాడు చేయవలసినదేమి?

శాసనసభ్యుడనగా శాసనము చేయువాడు. పేరులోనే యర్థమున్నను మనము దానిని మఱచితిమి. రోడ్డు వేయించువాడు, పింఛను ఇప్పించువాడు, పిల్లవానికి ఉద్యోగమునకు ఉత్తరము వ్రాసియిచ్చువాడు అని మాత్రమే తలచుచున్నాము. సభ్యునికి ముఖ్యముగా మూడు పనులు గలవు. చట్టములను చర్చించి ఓటు వేయుట మొదటిది. ప్రభుత్వము ఖర్చుపెట్టదలచిన సొమ్మునకు అనుమతినిచ్చుట రెండవది. మంత్రులను ప్రశ్నించుట మూడవది. సభ ఒప్పుకొననిదే ప్రభుత్వము ఖజానానుండి ఖర్చుచేయరాదు. ఇంటి జమాఖర్చుల పుస్తకము మన చేతిలో నున్నట్లు, రాష్ట్రపు జమాఖర్చుల పుస్తకము ఆ సభ చేతిలో నున్నది. మంత్రులు ఖర్చుపెట్టువారు, సభ్యులు లెక్క అడుగువారు. లెక్క అడుగువాడు తక్కువవాడెట్లగును?

చట్టము మన యింటిలోనికి ఎట్లు వచ్చునో చెప్పుటకు మా పుట్టినింటి సంగతి ఒకటి చెప్పెదను.

బుచ్చయ్యచౌదరిగారు రెండవమారు గెలిచిన 1985 నాటి సభ కాలమున, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రము హిందూ వారసత్వ చట్టమును సవరించినది. అది 1986వ సంవత్సరపు చట్టము. 1985 సెప్టెంబరు 5వ తేదీనుండి అమలు చేయబడినది. ఉమ్మడి కుటుంబపు ఆస్తిలో కొడుకుతో సమానముగా కూతురికిని పుట్టుకతోనే భాగము కలదని దాని సారాంశము. ఇట్టి జన్మహక్కును కూతురికిచ్చిన రాష్ట్రములలో మనదే మొదటిది. తమిళనాడు 1989లోను, కర్ణాటక, మహారాష్ట్రములు 1994లోను ఈ త్రోవనే నడచినవి. దేశమంతటికి ఈ హక్కు 2005లో గాని రాలేదు. కాని మన రాష్ట్రపు చట్టములో ఒక వాక్యముండెను: అమలులోనికి వచ్చిన తేదీకి ముందే వివాహమైన కూతురికి ఇది వర్తించదు.

మా అమ్మ వివాహము 1984లో జరిగినది. మా పిన్ని వివాహము 1988లో జరిగినది. నేను పసిపిల్లగా నున్నప్పుడు కోనసీమలోని మా తాతగారి యింట పంపకములైనవి. నాకు తరువాత భారతము చెప్పినది ఆ తాతగారే. మేనమామలతోబాటు పిన్నికి ఎకరము భూమి, నాలుగు కొబ్బరిచెట్లు వచ్చినవి. అమ్మకు పసుపుకుంకుమల చీర వచ్చినది. "నేనేం చేయనే తల్లీ, చట్టం చిన్నదానికి ఉందంది, పెద్దదానికి లేదంది" అని తాతగారు అనిరట. అమ్మ ఒక్కమాటయు అనలేదట. పంపకము రిజిష్టరైపోయినది గావున 2005 నాటి చట్టమువలనను అమ్మకు ఒరిగినది లేదు. ఇద్దరు అక్కచెల్లెండ్రు, ఒకే తల్లి కడుపున పుట్టినవారు. నడుమ ఒక తేదీ అడ్డువచ్చినది. పిన్ని ఆ ఎకరము మీది రాబడితో కుమార్తెను నర్సింగు చదివించినది. అమ్మ నన్ను బడికి పంపలేక తాతగారి అరుగుకు పంపినది. ఈ మాట నిష్ఠూరముగా చెప్పుట లేదు. ఆ అరుగుమీద నేర్చిన చదువే నాకు సర్వస్వము. అయినను చట్టములోని ఒక్క వాక్యము ఒక్కొక్క ఇంటి గతిని ఎట్లు మలుపునో నేను మా యింటనే చూచితిని.

ఆ చట్టము ఏ ఒక్కరి ఘనతయు కాదు. ఆ సభ సభ్యులందరిది. దానివలని మేలునకు వారందరు పాలివారు. ఆ ఒక్క వాక్యపు లోటునకును వారందరు పాలివారే. అందు మా రాజమండ్రి సభ్యుడు మంత్రి కాడు గాని, సభ్యుడు. ప్రక్కయింటి సోదరికి నేను చెప్పవలసిన మొదటి సమాధానమిది.

ఇక రెండవది, మంత్రియైన తొమ్మిది నెలల సంగతి. 1989లో ఓడిపోయి అయిదేండ్లు సభకు దూరమైన పిమ్మట, బుచ్చయ్యచౌదరిగారు 1994 ఎన్నికలలో మరల గెలిచి, రామారావుగారి మంత్రివర్గములో పౌరసరఫరాల శాఖను వహించిరి. సోదరీమణులారా, ఇది మన వంటయింటి శాఖ. ఆ కాలమున చౌకడిపోలో బియ్యము, పంచదార, కిరసనాయిలు ఇచ్చినది ఈ శాఖయే. కిలో రెండు రూపాయల బియ్యపు పథకము 1983 ఏప్రిలులో మొదలైనది. మనిషికి అయిదు కిలోల చొప్పున, కుటుంబమునకు 25 కిలోలకు మించకుండ ఇచ్చెడివారు. తరువాతి ప్రభుత్వములో ధర మూడున్నర రూపాయలకు పెరిగినది. 1994 డిసెంబరులో రామారావుగారు మరల అధికారమునకు వచ్చి దానిని తిరిగి రెండు రూపాయలు చేసిరి. నెలకు 25 కిలోలు కొనువారికి ముప్పదియేడున్నర రూపాయల భారము తగ్గినది. ఆ కాలపు కూలి యెంతయో ఎరిగిన మా అత్తగారు, "ఆ ముప్ఫై ఏడున్నరతో పిల్లలకి పాలు పోయించానమ్మా" అని నేటికిని చెప్పుచుందురు.

ఆ ప్రభుత్వమే 1995 జనవరి 16వ తేదీనుండి రాష్ట్రమున సంపూర్ణ మద్యనిషేధమును అమలుపరచినది. అంతకు మూడేండ్లముందు నెల్లూరుజిల్లా దూబగుంటలో అక్షరములు నేర్చుకొనుచున్న కూలిస్త్రీలు సారా దుకాణమునకు ఎదురుతిరిగి లేవదీసిన యుద్యమమే దానికి మూలము. 1997లో ఆ నిషేధము సడలింపబడినది. చౌకబియ్యపు ధరయు 1996లో మరల మూడున్నరకు పోయినది. ఇచ్చిన చట్టము నిలుచుట గూడ మన జాగరూకతమీదనే యున్నదని దీనివలన తెలియుచున్నది.

తొమ్మిది నెలల మంత్రిత్వము ఎందుకు ముగిసినదో చెప్పవలెను. 1995 ఆగస్టులో తెలుగుదేశము రెండు చీలినది. సభ్యులలో అధికసంఖ్యాకులు శ్రీ నారా చంద్రబాబునాయుడుగారి వైపు చేరిరి. మా తూర్పుగోదావరి జిల్లాకు చెందినవారే, తునినుండి 1983 మొదలు 2004 వరకు వరుసగా ఆరుమారులు గెలిచిన శ్రీ యనమల రామకృష్ణుడుగారు, అప్పుడు సభాపతిగా నుండి చంద్రబాబునాయుడుగారిని శాసనసభాపక్ష నాయకునిగా గుర్తించిరి. బుచ్చయ్యచౌదరిగారు రామారావుగారి చెంతనే నిలిచిరి. ఒకే జిల్లా, ఒకే పక్షము, ఒకే సంవత్సరమున సభకు వచ్చిన ఇరువురు, త్రోవలు రెండు. సెప్టెంబరు 1వ తేదీన చంద్రబాబునాయుడుగారు ముఖ్యమంత్రియైరి. 1996 జనవరి 18వ తేదీన రామారావుగారు పరమపదించిరి.

ఆ దినములలో ఎవరిది ధర్మమో నేను తీర్పు చెప్పజాలను. భారతము చదివినవారికి తెలియును: యుద్ధమునకు ముందు ఇరువైపుల నిలిచినవారిలోను పెద్దలు కలరు. నేను గమనించినది వేఱొకటి. గెలుచువైపు ఏదో తెలిసియు ఓడువైపు నిలుచుటకు ఒక ధైర్యము కావలెను. పిమ్మట ఆ యోటమిని మనసులో పెట్టుకొనక, తాను ఎదిరించిన నాయకుని క్రిందనే పనిచేయుటకు మఱొక విధమైన ధైర్యము కావలెను. ఆయన 1999లో చంద్రబాబునాయుడుగారి నాయకత్వమున నిలిచి గెలిచిరి. మొదటిదానిని విశ్వాసమనియు రెండవదానిని అవసరమనియు అనువారున్నారు. రెండును నిజమే కావచ్చును. ఉమ్మడి కుటుంబములో కాపురము చేసిన స్త్రీకి ఇందులో వింత తోచదు. పోట్లాడిన యింటిలోనే మరునాడు పొయ్యి వెలిగించుట మనకు తెలియును గదా!

2004, 2009 ఎన్నికలు రెండింటను బుచ్చయ్యచౌదరిగారు కాంగ్రెసు అభ్యర్థి శ్రీ రౌతు సూర్యప్రకాశరావుగారి చేతిలో ఓడిపోయిరి. పది సంవత్సరములు సభ లేదు. పాండవులు పండ్రెండేండ్లు వనవాసము చేసిరని చదువునప్పుడు మనము గబగబ పుటలు త్రిప్పెదము గాని, ఒక్కొక్క సంవత్సరము గడుచుట ఎంత కష్టమో ఆలోచింపము. ఓడినవాని యింటిముందు కారులాగవు; పెండ్లిపిలుపులు తగ్గును. ఈ లోపల నియోజకవర్గముల హద్దులు మారి, 2009 నాటికి పాత కడియము నియోజకవర్గము పోయినది. రాజమండ్రి నగరము, రాజమండ్రి గ్రామీణము అని రెండైనవి. కడియపు పూలతోటలు, ధవళేశ్వరపు ఆనకట్ట మా గ్రామీణపు పాలికి వచ్చినవి. 2014లో ఆయన ఇచ్చటినుండి నిలిచి గెలిచిరి. నగరములో రెండుమారులు త్రోసిపుచ్చబడినవానికి ప్రక్కనే మఱొక తలుపు తెరువబడినది.

ఆ గెలుపునకు పిమ్మటను మంత్రిపదవి రాలేదు. 2017లో మంత్రివర్గమును విస్తరించినప్పుడును రాలేదు. ఇతర పక్షములనుండి వచ్చినవారికి పదవులిచ్చుటపై ఆయన తన అసంతృప్తిని బహిరంగముగనే వెల్లడించిరి. 2019లో ఆయన పక్షమునకు 175 స్థానములలో 23 మాత్రమే దక్కినవి. ఆ యిరువదిముగ్గురిలో ఆయన యొకరు. సుమారు పదివేల ఓట్ల ఆధిక్యముతో గెలిచి, ప్రతిపక్షమున ఉపనాయకులైరి. లెక్క అడుగుట యను సభ్యుని మూడవ పని ప్రతిపక్షముననే బాగుగ తెలియును. 2024లో ఆధిక్యము అరువదివేలకు మించినది.

ఇప్పుడు మా వసారాలో జరిగినదానికి తరువాతి ముచ్చట. ఆ జూన్ నెలలోనే, 21వ తేదీన, క్రొత్త సభ మొదటిమారు కూడినది. క్రొత్త సభకు ఇంకను సభాపతి ఎన్నిక కాలేదు గావున, రాజ్యాంగము ననుసరించి గవర్నరుగారు ఒక సభ్యుని తాత్కాలిక సభాపతిగా నియమింతురు. మిక్కిలి అనుభవము గలవారికి ఆ గౌరవము దక్కుట ఆచారము. ఆ పీఠముపై కూర్చున్నవారు బుచ్చయ్యచౌదరిగారు. ఆయన యెదుట సభ్యులుగా ప్రమాణము చేసినవారిలో ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడుగారును ఒకరు. ఇరువది తొమ్మిదేండ్లక్రిందట ఎవరి త్రోవను కాదని మంత్రిత్వమును పోగొట్టుకొనిరో, వారే ఆనాడు ఆయన యెదుట నిలిచి ప్రమాణపాఠము చదివిరి. మరునాడు శ్రీ చింతకాయల అయ్యన్నపాత్రుడుగారు సభాపతిగా ఎన్నికైరి. బుచ్చయ్యచౌదరిగారు పీఠము దిగి తమ స్థానమునకు వచ్చిరి. రెండు దినముల పీఠమది. ప్రక్కయింటి సోదరి దానినిగూడ మాతోనే కూర్చుండి చూచినది. "పోనీలెండి, పెద్దరికం దక్కింది" అన్నది.

దీర్ఘసేవను పొగడుటతో ఈ వ్యాసమును ముగించిన నా మనస్సాక్షి ఒప్పుకొనదు. ఒకే మనిషి నలువదేండ్లు నిలిచిన చోట క్రొత్తవారికి చోటు తక్కువగును. మా గ్రామీణ నియోజకవర్గము ఏర్పడిన 2009 నుండి 2024 వరకు జరిగిన నాలుగు ఎన్నికలలో ఒక్క స్త్రీయు గెలువలేదు. ప్రక్కనున్న నగర నియోజకవర్గమున 2019లో శ్రీమతి ఆదిరెడ్డి భవానిగారు గెలిచిరి. 2024లో లోకసభకు రాజమండ్రి నుండి శ్రీమతి దగ్గుబాటి పురంధేశ్వరిగారు ఎన్నికైరి. శాసనసభలలో మూడవవంతు స్థానములు స్త్రీలకు ప్రత్యేకింపవలెనని 2023లో రాజ్యాంగమునకు 106వ సవరణ చేయబడినది. రాజ్యాంగ సభలో కూర్చుండి మన రాజ్యాంగమును రూపొందించినవారిలో ఒకరైన దుర్గాబాయమ్మగారు పుట్టినది ఈ రాజమండ్రిలోనే. అట్టి నేలపై స్త్రీ సభ్యురాలగుట వింతగా నుండరాదు. పెద్దలు తమ అనుభవమును యువతులకు ఒప్పగించి పోయినప్పుడే దీర్ఘసేవ సార్థకమగును.

అయినను ఓటరుకు తెలియవలసిన పాఠమొకటి ఈ జీవితమున నున్నది. బుచ్చయ్యచౌదరిగారిని ఏడుమారులు గెలిపించినవారు ప్రజలే. మూడుమారులు ఇంటికి పంపినవారును ప్రజలే. మంత్రిపదవి ఇచ్చుట, ఇవ్వకపోవుట ముఖ్యమంత్రి చేతిలోని పని. సభ్యత్వము ఇచ్చుట మాత్రము మన చేతిలోని పని. మన చేతిలో లేనిదానికై విచారించి మన చేతిలోనున్నదానిని మఱచుట వివేకము కాదు. కాబట్టి సోదరీమణులారా, ఈ మారు మీ యింటికి ఓటడుగుటకు ఎవరు వచ్చినను, "మీకు మంత్రిపదవి వస్తుందాండీ?" అని అడుగకుడు. "సభలో ఏమి అడిగారండీ? మా ఆడపిల్లలకు సంబంధించిన ఏ చట్టం వచ్చినప్పుడు మీరెటు నిలిచారండీ?" అని అడుగుడు. సమాధానమును పాలవాని లెక్క వ్రాసికొనునట్లు కాగితముమీద వ్రాసికొనుడు. అయిదేండ్లకు ఆ కాగితమును తీసి చూచి ఓటు వేయుడు.

మొన్న పండుగకు అమ్మ మా యింటికి వచ్చినది. ఈ వ్యాసమును చదివి వినిపించితిని. పంపకపు మాట వచ్చినచోట కొంతసేపు మౌనముగా నుండి, "ఆ చట్టం చేసినవాళ్లలో ఒక్క ఆడది గట్టిగా అడిగి ఉంటే ఆ తేదీ ఉండేది కాదేమోనమ్మా" అన్నది. నాకు అంతకంటె మంచి ముగింపు దొరకలేదు.